అట్టపెట్టె చప్పుడు

మూడో మిక్స్ పంపిన మర్నాడు పొద్దున్నే కెప్టెన్ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. పదకొండు సెకన్లు.

"చెవులక్కా, పాట బాగుంది. కానీ డ్రమ్స్ ఇంకా అట్టపెట్టె మీద కొట్టినట్టే ఉన్నాయి. ఏదో ఒకటి చెయ్యి."

ఆ 'ఏదో ఒకటి' అన్న మాట దగ్గర చెవులక్కకు ఒళ్ళు మండింది. పది రోజులుగా ఆవిడ చేస్తున్నది అదే. ఏదో ఒకటి.

ఆవిడ పని పాటలు మిక్స్ చెయ్యడం. పాడినవాడి గొంతు, గిటారు, కీబోర్డు, డ్రమ్ములు దేనికది విడిగా రికార్డయి వస్తే, వాటిని ఒకదానికొకటి అడ్డం రాకుండా సర్ది ఒకే పాటగా చేసి ఇవ్వడం. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. సబ్బుల ప్రకటనలు, పిల్లల పాటలు, ఎవరూ చూడని చిన్న సినిమాలు, అన్నీ ఆవిడ చేతిమీదుగా వెళ్ళాయి. ఫ్లాట్‌లో రెండో పడగ్గదే ఆఫీసు. పని చేస్తున్నంతసేపూ కిటికీ మూసి, ఫ్యాను ఆపేసి కూర్చోవాలి. అందుకని ఆవిడ మెడ చుట్టూ ఎప్పుడూ ఒక తువ్వాలు ఉండేది. తలుపవతల ఎవరో గిటారు తీగ ఒకటి సగం స్వరం తక్కువ బిగించారని గదిలోంచే చెప్పిన రోజున బ్యాండువాళ్ళు ఆవిడకు చెవులక్క అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆవిడకు లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

కెప్టెన్ ఆ బ్యాండుకు గాయకుడు, పెద్ద దిక్కు. పగలు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు, సాయంత్రాలు పాడతాడు. రెండు చోట్లా ఎదుటివాళ్ళకు ఎప్పుడు బ్రేకు వెయ్యాలో చెప్పడం అతనికి అలవాటు. పన్నెండేళ్ళు ఇతరుల పాటలు పాడాక, బ్యాండులోని ఐదుగురూ కలిసి సొంతంగా చేసుకున్న మొదటి పాట ఇది. ఈ నెలాఖరుకు జనంలోకి వదులుతామని అందరికీ చెప్పేసుకున్నారు.

ఇక ఆ అట్టపెట్టె వాయించినవాడు ఎవరో కాదు, ఆవిడ సొంత తమ్ముడు. ముప్ఫై నాలుగేళ్ళు, ఆరడుగుల మనిషి. గుమ్మం దాటాలంటే తల వంచాలి. ఇంట్లో మాత్రం ఇప్పటికీ బుడ్డోడే.

అదే అసలు ఇబ్బంది. వేరే ఎవరైనా అయితే "నీ డ్రమ్ములు బాలేవు, మళ్ళీ కొట్టి పంపు" అని ఒక్క ముక్కలో తేల్చేసేది. బుడ్డోడితో అలా అనడానికి లేదు. అంటే వాడు ఏమీ అనడు. ఊరికే "అలాగేనక్కా" అని నెల రోజులు ఫోను చెయ్యడు.

మొదటి మిక్స్‌లో ఆవిడ కాలితో తొక్కే పెద్ద డ్రమ్ముకు కింది స్వరాలు పెంచింది. దాంతో అది గుబగుబలాడింది కానీ కడుపులో తగల్లేదు. రెండోసారి డ్రమ్ములన్నిటినీ ఒక చోటికి తెచ్చి, గట్టి దెబ్బల్ని అణిచి, మెత్తటి దెబ్బల్ని పైకి లేపింది. అప్పుడు దెబ్బలకంటే ఇత్తడి పళ్ళేల్లాంటి సింబళ్ళ చిరచిరే ఎక్కువ వినిపించింది. మూడోసారి, ఇంక లాభం లేదనుకుని, ప్రతి స్నేర్ దెబ్బ కిందా తన దగ్గర నిలవున్న ఇంకెవరిదో దెబ్బ ఒకటి అతికించింది. స్నేర్ అంటే వాయించేవాడి మోకాళ్ళ మధ్య ఉండే బిగువైన చిన్న డ్రమ్ము. పాటంతా దాని మీదే నడుస్తుంది. అతికించాక కొంచెం ఫరవాలేదనిపించింది. కెప్టెన్‌కు పంపే ముందు ఎందుకో తమ్ముడికి కూడా పంపింది.

వాడు వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, ఇది నేను కాదు."

"నువ్వేరా. కింద కొంచెం సాయం పెట్టాను."

"సాయం కాదది. వేరేవాడి చెయ్యి. నాకు తెలీదా?"

"అందరూ చేసేదే ఇది."

"అందరికీ చెయ్యి. నాకొద్దు." ఆ వెంటనే, "నేను వాయించింది సరిగ్గా వినిపించేలా చెయ్యడం నీ పని కదా?" అన్నాడు.

ఆవిడ పళ్ళు బిగబట్టి, అతికించిన దెబ్బలన్నీ ఒక్కొక్కటే పీకేసింది. రెండు వందల పద్నాలుగు. ఆ పీకేసిన మిక్సే కెప్టెన్‌కు వెళ్ళింది. అట్టపెట్టె అని అనిపించుకున్నది కూడా అదే.

ఆ రోజంతా కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించింది. తప్పు గదిదే అని తేల్చుకుంది. బ్యాండు సాధన చేసే గది ఒక పాత టైర్ల గోడౌను పైన ఉంది. కిందివాళ్ళు గోల పెడుతున్నారని నాలుగు గోడలకీ పరుపులు కొట్టి, నేల మీద రెండు పొరల కార్పెట్ పరిచారు. ఆ గదిలో దగ్గితే దగ్గు కూడా నోట్లోనే ఉండిపోతుంది. అలాంటి చోట డ్రమ్ము కొడితే ప్రాణం ఎక్కడుంటుంది? దెబ్బ పడ్డాక అది గోడకు తగిలి తిరిగిరావాలి. అప్పుడే చెవికి నిండుగా ఉంటుంది. అయితే ఆ గోడేదో తనే చూపిస్తుంది.

వాళ్ళ అపార్ట్‌మెంట్‌కు ఐదంతస్తులు. లిఫ్టు ఉంది కాబట్టి మెట్లెవరూ ఎక్కరు. పైనుంచి కిందిదాకా ఒట్టి సిమెంటు, ఇనప కటకటాలు. అక్కడ తాళం చెవులు కింద పడితే చప్పుడు మూడు సెకన్లు నిలుస్తుంది. మెట్ల మలుపులో ఒక స్పీకరు పెట్టి తమ్ముడి డ్రమ్ములు గట్టిగా వాయించి, పై అంతస్తులో మైకు పెట్టి ఆ ప్రతిధ్వనిని పట్టుకుంటే, దాన్ని పాట కింద కలుపుకోవచ్చు. ఇది ఆవిడ కనిపెట్టిన విద్యేం కాదు. కానీ ఇన్నాళ్ళూ అవసరం పడలేదు.

అపార్ట్‌మెంటు సెక్రటరీ రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన అంతా విని, "ఎన్ని నిమిషాలు?" అన్నాడు.

"పాట నాలుగు నిమిషాలండీ. రెండు మూడుసార్లు."

"అంటే పన్నెండు నిమిషాలు. నేను పదిహేను ఇస్తాను. రెండింటికి మొదలుపెట్టి రెండుంపావుకు ముగించండి. నోటీసు బోర్డులో పెడతాను."

పెట్టాడు కూడా. 'మెట్ల మీద శబ్ద పరిశోధన' అని.

మొదటి రోజు రెండు గంటలకు ఆవిడ స్పీకరు మోసుకుని మూడో అంతస్తు మలుపులో పెట్టింది. ఐదో అంతస్తులో మైకు నిలబెట్టింది. వైరు కటకటాల్లోంచి దింపి, మెట్ల మీద కూర్చుని పాట మొదలుపెట్టింది. ఒక నిమిషం గడిచిందో లేదో లిఫ్టు మోటారు ఘొల్లుమంది. ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పల్లవి దాటాక నాలుగో అంతస్తులో ఎవరింట్లోనో కుక్కర్ కూతపెట్టింది, ఒకటి కాదు, నాలుగు. మూడోసారికి పార్శిల్ తెచ్చినతను లిఫ్టు కోసం ఆగలేక బూట్లతో మెట్లెక్కుతూ వచ్చి, "మేడమ్, నాలుగు వందల రెండు ఇటేనా?" అని మైకు పక్కన నిలబడి అడిగాడు. పదిహేను నిమిషాలు అయిపోయాయి. మాస్టారు కింద నుంచి గడియారం చూపించాడు.

రెండో రోజు బాగానే సాగుతోంది అనుకునేసరికి, రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది. అక్కడుండే పెద్దావిడ తల బయటపెట్టి అటూ ఇటూ చూసింది.

"ఎవరమ్మా తలుపు కొడుతున్నారు?"

"తలుపు కాదండీ, డ్రమ్ములు. నోటీసు పెట్టారు కదా."

"డ్రమ్ములా?" పెద్దావిడ కాసేపు చెవి ఒగ్గి విన్నది. "నేనింకా అప్పడిగేందుకు వచ్చినవాడెవడో మొహమాటంగా కొడుతున్నాడనుకున్నాను. లోపలికి రమ్మందామని లేచొచ్చాను."

చెవులక్క నవ్వలేదు. రికార్డింగు చెడిపోయిందన్న విసుగులో ఆ మాట ఆవిడ చెవికి ఎక్కనే లేదు. "తలుపేసుకోండి, ప్లీజ్" అంది.

మూడో రోజుకు ఎలాగో నాలుగు నిమిషాలూ శుభ్రంగా దొరికాయి. ఆవిడ పరుగున గదిలోకి వెళ్ళి, మెట్ల చప్పుడును డ్రమ్ముల కింద కలిపి, కళ్ళు మూసుకుని విన్నది. వెడల్పు వచ్చింది. లోతు వచ్చింది. కానీ దెబ్బ దెబ్బకూ మధ్య ఏదో ఇంకా రాలేదు. రాలేదని తెలిసినా, అలిసిపోయి ఉంది కాబట్టి, వచ్చిందని తనకు తనే నచ్చజెప్పుకుని నాలుగో మిక్స్ పంపేసింది.

ఈసారి కెప్టెన్ మెసేజ్ ఏడు సెకన్లే. "అక్కా, ఇప్పుడు ఆ అట్టపెట్టెని తీసుకెళ్ళి బావిలో పడేసినట్టుంది."

ఆవిడ మెడ మీది తువ్వాలు తీసి గోడకేసి కొట్టింది. అది కూడా చప్పుడు చెయ్యకుండా జారి పడింది.

ఆ మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు మరదలు వచ్చింది. బుడ్డోడి భార్య. పెద్దాసుపత్రిలో నర్సు. పెళ్ళయినప్పట్నుంచీ ఎక్కువ రాత్రి డ్యూటీలే. పొద్దున ఇంటికి చేరి మధ్యాహ్నందాకా పడుకుంటుంది. బుడ్డోడికి కళ్ళజోళ్ళ షాపులో ఒంటిగంటకు పని మొదలు కాబట్టి, వాడి సాధనంతా ఆవిడ నిద్రపోయే ఆ నాలుగు గంటల్లోనే. ఆ రోజు మందుల చీటీ ఒకటి ఇచ్చి వెళ్దామని దారిలో దిగింది. "ఒక్క కప్పు టీ తాగి వెళ్తాను వదినా" అంటూ పనిగదిలో మూలనున్న కుర్చీలో కూలబడింది.

"నువ్వు కూర్చో. నాకీ ముక్క ఒకటి తేల్చుకోవాలి. చప్పుడుగా ఉంటుంది, ఫరవాలేదా?"

"నాకేం ఫరవాలేదు. కానివ్వండి."

చెవులక్క పాటలోంచి మిగతావన్నీ తీసేసి డ్రమ్ములొక్కటే పెట్టింది. స్పీకర్లు మామూలుగా ఎప్పుడూ పెట్టనంత పెంచింది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఎక్కడ లోపముందో దొరకలేదు. విసుగెత్తి టక్కున ఆపేసింది.

ఆపగానే వెనక మరదలు ఉలిక్కిపడి లేచింది. చేతిలోని టీ అలాగే ఉంది, చల్లారిపోయింది.

"ఎందుకాపేశారు వదినా?"

"నువ్వు నిద్రపోయావా?"

"కునుకు పట్టేసింది."

"ఇంత చప్పుడులోనా? కిటికీలు అదురుతుంటే?"

మరదలు కళ్ళు నులుముకుంది. "అది అలవాటే కదా. నేను పడుకున్నప్పుడు పక్కగదిలో మీ తమ్ముడు వాయించేది ఇదే. దిండు మీద. అది వినపడుతుంటే నాకు హాయిగా నిద్ర పట్టేస్తుంది. ఇది కూడా అప్పుడు తీసిందేనా?"

చెవులక్క కుర్చీ తిప్పుకుని మరదలి వంక చూస్తూ ఉండిపోయింది.

"కాదు," అంది చివరికి. "ఇది అసలు పాటకు వాయించింది. నిజం డ్రమ్ముల మీద."

"అవునా?" అంది మరదలు. "అచ్చం అలాగే ఉంది."

ఆవిడ వెళ్ళాక చెవులక్క రెండు వీడియోలు వెతికి పక్కపక్కన పెట్టుకుంది. ఒకటి ఆరేళ్ళ కిందటిది. పెళ్ళికి ముందు బుడ్డోడు ఏదో పోటీలో వాయిస్తుంటే ఎవరో ఫోనులో తీశారు. కర్రలు వాడి చెవుల పైదాకా లేచి పడుతున్నాయి. ఫోనులో తీసిన ఆ పాడు రికార్డింగులో కూడా దెబ్బ ఛాతీకి తగులుతోంది. రెండోది ఈ పాట రికార్డు చేసిన రోజు తీసింది. కర్రలు జానెడు మించి లేవడం లేదు. లేచినవి కూడా, డ్రమ్ము తాకే ఆఖరి క్షణంలో, నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి కప్పినంత జాగ్రత్తగా వాలుతున్నాయి. తాళం ఎక్కడా తప్పలేదు. కొట్టడం మాత్రం కొట్టడం లేదు.

ఆవిడకు మొదట వచ్చింది జాలి కాదు, కోపం. పది రోజుల పని. మూడు రోజుల మెట్లు. తప్పు గదిది కాదు, మైకులది కాదు, తనది కాదు. లేని దెబ్బను ఎంత పెంచితే మాత్రం ఏమొస్తుంది? పైగా చెవులక్కనని పేరు పెట్టుకుని, ఈ సంగతి తను కనుక్కోలేదు. డ్యూటీ దిగి వచ్చి కునికిపాట్లు పడుతున్న మరదలు చెప్పాల్సి వచ్చింది.

బుడ్డోడిని పిలిచి, రెండు వీడియోలూ చూపించింది. మాటలు ఎన్నుకుని ఎన్నుకుని చెప్పింది. ఎంత ఎన్నుకున్నా ఆఖరికి వాడికి వినిపించింది ఒక్కటే.

"అంటే నాకు వాయించడం రాదంటావు."

"అలా అన్లేదురా. మెల్లగా వాయించడం అలవాటైపోయిందంటున్నాను."

"నాలుగేళ్ళు, అక్కా. నాలుగేళ్ళు ఇంట్లో చీమ చిటుక్కుమనకుండా సాధన చేశాను. దిండు మీద, సోఫా మీద, నా తొడల మీద. తనకు నిద్ర చెడితే రాత్రి వార్డులో ఎవరికేం మందు తప్పు ఇస్తుందోనని. దానికి ఇదా?"

"నిన్నెవరూ తప్పుపట్టడం లేదు."

"ఇంకెవర్ని? దాన్నా?"

ఆవిడ ఈ మాట వస్తుందనే భయపడింది.

వాడు లేచి గుమ్మం దగ్గర తల వంచి, వెనక్కి తిరక్కుండానే, "ఆదివారం మళ్ళీ రికార్డు చేద్దాం. గట్టిగా కొట్టడం ఎంతసేపు? చూద్దువుగాని" అన్నాడు.

కెప్టెన్ సణిగాడు. ఆదివారం పొద్దున అతనికి ముగ్గురు కొత్త విద్యార్థులు. అయినా గది తాళాలిచ్చాడు. ఆవిడ ముందుగా వెళ్ళి, ఒక గోడకున్న పరుపులన్నీ దింపించింది. డ్రమ్ములకు దగ్గరగా నాలుగు మైకులు, గది ఆ చివర ఒకటి పెట్టింది. బుడ్డోడు పదింటికి వచ్చాడు. చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు.

మొదటిసారి వాయించి, చెమట తుడుచుకుంటూ, "ఎలా ఉంది?" అన్నాడు.

ఆవిడ లాప్‌టాప్ వాడివైపు తిప్పి చూపించింది. దెబ్బ బలాన్ని చూపించే పచ్చగీత సగం కూడా లేవలేదు. పాత రికార్డింగుకూ దీనికీ వెంట్రుకవాసి తేడా.

"మీటరు పాడైందేమో."

"నువ్వు 'హలో' అను." వాడన్నాడు. గీత పైకి లేచింది.

రెండోసారి, మూడోసారి. వాడు నిజంగానే ప్రయత్నిస్తున్నాడు. ఆవిడ చూస్తోంది. కర్ర చెవిదాకా లేస్తుంది, వేగంగా కిందికి వస్తుంది, సరిగ్గా తాకేముందు మణికట్టు దానంతటదే వెనక్కి లాక్కుంటుంది. వేడి పెనం మీద చెయ్యి పెట్టబోయినవాడిలా. నాలుగోసారికి వాడి మొహం ఎర్రబడింది. ఐదోసారి మధ్యలో ఆపేసి కర్రలు నేలకేసి విసిరాడు. కార్పెట్ మీద అవి మెత్తగా దొర్లాయి.

"కొడుతున్నాను. నేను గట్టిగానే కొడుతున్నాను. ఇంకేం చెయ్యమంటావు?"

"నాకు తెలుసురా."

"నీకేం తెలీదు. నువ్వు గీతలు చూస్తూ కూర్చుంటావు."

అప్పటికి దెబ్బలన్నీ మెత్తగానే పడుతున్నాయి కదా అని, ఆవిడ మైకులను ఇంకాస్త, ఇంకాస్త పెంచుతూ పోయింది. కనీసం ఉన్నదైనా బాగా పట్టుకుందామని.

పదకొండు కావస్తుండగా మరదలు వచ్చింది. ఆ రోజు ఆలస్యంగా డ్యూటీ దిగి, ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది, తాళం చెవి మొగుడి జేబులో ఉంది. దానికోసం టైర్ల వాసన పీలుస్తూ మెట్లెక్కి వచ్చింది. లోపలికి రాగానే ఇద్దరి మొహాలూ చూసి, "ఏమైంది?" అంది.

బుడ్డోడు కింద పడ్డ కర్రల వంక చూశాడు. చెవులక్కే ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంక దాచడానికి ఓపిక లేదు.

మరదలు ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని డ్రమ్ముల ముందు వేసుకుని కూర్చుంది. "నాకోసమా ఇదంతా?" అని మొగుణ్ణి అడిగింది.

"మరెవరికోసం?"

"మెల్లగా వాయించమని నేనెప్పుడు చెప్పాను?"

"చెప్పావు. పెళ్ళయిన మొదటి నెలలో. తలుపు తీసుకుని వచ్చి, 'కాస్త మెల్లగా వాయించవా, తల పగిలిపోతోంది' అన్నావు."

మరదలు గుర్తుచేసుకుంది. ఆ గుర్తుచేసుకోవడం ఆవిడ మొహంలో తెలిసింది. "ఆ రోజు నాకు జ్వరం."

"నాకేం తెలుసు?"

"నువ్వే కదా మందు తెచ్చిచ్చావు. నూట రెండు." ఆవిడ గొంతు నెమ్మదిగా పెరిగింది. "ఒక్క రోజు. జ్వరమొచ్చిన ఒక్క రోజు అన్న మాట పట్టుకుని నాలుగేళ్ళు దిండు కొట్టావా? మర్నాడు ఒక్కసారి అడగొచ్చుగా? నేను వార్డు పక్కన బెంచీ మీద, ట్రాలీలు దొర్లుతుంటే పడుకునే మనిషిని. నాకు నిద్రకు లోటేంటి? మా అమ్మ దగ్గర, మీ అక్క దగ్గర, అందరి దగ్గరా 'మా ఆవిడ నిద్ర కోసం' అని చెప్పుకుంటావే. అందరూ నన్నెలా చూస్తారో తెలుసా నీకు? పాపం వాడి చేతులు కట్టేసింది అన్నట్టు."

"నేను నీ మంచికే—"

"నా మంచి నన్నడగాలి."

గది పరుపుల మధ్య మాటలు కూడా మెత్తగా, పొడిగా పడ్డాయి. చెవులక్క లాప్‌టాప్ వంక చూస్తూ కూర్చుంది. లేచి వెళ్దామంటే తలుపు వాళ్ళిద్దరికీ వెనకుంది.

"కొట్టు," అంది మరదలు. "నేనిక్కడే ఉంటాను. మెలకువగానే ఉన్నాను. కొట్టు చూస్తాను."

బుడ్డోడు కిందికి వంగి కర్రలు ఏరుకున్నాడు. అక్క వంక చూడకుండానే తల ఊపాడు. ఆవిడ రికార్డింగు మొదలుపెట్టి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

పల్లవి మామూలుగానే మొదలైంది. చరణంలో ఏదో కదిలింది. రెండో పల్లవికి వచ్చేసరికి వాడి మోచేతులు భుజాల పైకి లేచాయి. స్నేర్ మీద పడిన దెబ్బకు మరదలి కుర్చీ కాలు కదలడం చెవులక్క చూసింది. వాడు తాళం కంటే ముందుకు పరిగెత్తుతున్నాడు, ఒక సింబల్ స్టాండు పక్కకు ఒరిగింది, ఎడమచేతి కర్ర చివర చీలింది. వాడు ఆపలేదు. గది ఆ చివర గోడ దెబ్బను పట్టుకుని వెనక్కి విసిరింది. ఇదీ, ఇన్ని రోజులూ తను వెతికింది ఇదీ, అని చెవులక్కకు మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

అప్పుడే మీటరు వైపు చూసింది. ఎర్రగీత. పాట సగం నుంచీ ఎర్రగీతే.

మెత్తటి దెబ్బల కోసం తను పెంచుతూ పోయిన మైకులు, గట్టి దెబ్బ పడగానే తట్టుకోలేకపోయాయి. స్నేరంతా చిరిగిన గుడ్డలా బరబరలాడుతూ రికార్డయింది. దగ్గరి మైకుల్లో మూడు పనికిరావు.

వాడు ముగించి, రొప్పుతూ తలెత్తాడు. మరదలు కూడా ఇటు తిరిగింది. ఇద్దరి కళ్ళల్లోనూ ఒకటే ప్రశ్న.

చెవులక్క హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. అరచేత్తో నుదురు కొట్టుకుంది.

"ఏంటక్కా?"

"బాగా కొట్టావురా. నేనే సరిగ్గా తియ్యలేదు."

బుడ్డోడు ఏమంటాడోనని చూసింది. వాడు చీలిన కర్ర పక్కన పెట్టి, సంచిలోంచి ఇంకో జత తీశాడు. "తగ్గించుకో. మళ్ళీ కొడతాను."

మళ్ళీ కొట్టాడు. ఇంకో మూడుసార్లు. అలాంటిది మళ్ళీ రాలేదు. చేతులు అలిసిపోయాయి, కోపం చల్లారిపోయింది. మధ్యమధ్య మణికట్టు పాత అలవాటుకు వెళ్ళిపోతోంది. కానీ తొమ్మిదోసారి వాయించింది మొదటిదానికంటే రెట్టింపు నయం. మరదలు మాట నిలబెట్టుకుంది, తొమ్మిదోసారి ముగిసేదాకా కళ్ళు మూయలేదు. ఆ తర్వాత కుర్చీలోనే తల వాల్చేసింది.

ఇంటికొచ్చాక చెవులక్క మెట్ల మీద తీసినవన్నీ చెరిపేసింది. వాటి అవసరం లేకపోయింది. తొమ్మిదోదాన్ని పాటకు పెట్టుకుంది. ఆఖరి పల్లవికి మాత్రం ఆ ఎర్రగీతల దాన్నే తెచ్చింది. గది చివర పెట్టిన ఐదో మైకు చెక్కుచెదరలేదు. దూరంగా ఉండబట్టి దానికి దెబ్బ సరిపోయింది. అదీ, దగ్గరివాటిలో మిగిలిన కాలి డ్రమ్ము మైకూ, రెండే పనికొచ్చాయి. పరిగెత్తిన దెబ్బల్ని ఒక్కొక్కటే వెనక్కి లాగి తాళంలో కూర్చోబెట్టేసరికి రెండు రోజులు పట్టింది. మెడ పట్టేసింది. కెప్టెన్‌కు పంపే ముందు తమ్ముడికి పంపింది. వాడు "ఇది నేనే" అని రాశాడు. ఇంకేం రాయలేదు.

కెప్టెన్ మెసేజ్ పద్నాలుగు సెకన్లు. "అక్కా, డ్రమ్స్ అదిరాయి. ఇలా మొదట్నుంచీ చేసి ఉంటే ఎంత టైము కలిసొచ్చేది. ఒక్కటే, ఇప్పుడు నా గొంతు వినపడటం లేదు."

ఆవిడ ఒక జవాబు రాసింది. చెరిపేసింది. ఇంకొకటి రాసింది, అది మరీ ఘాటుగా ఉంది, అదీ చెరిపేసింది. అతని గొంతు పెంచింది. దాంతో గిటారు మునిగింది. గిటారు లేపితే డ్రమ్ములు మళ్ళీ తగ్గినట్టయ్యాయి. మూడు రోజులు అటూ ఇటూ జరిపి, ఎవరికీ పూర్తిగా నచ్చని, ఎవరూ పూర్తిగా కాదనలేని ఒక చోట ఆపేసింది. నెలాఖరు దాటి నాలుగు రోజులకు పాట జనంలోకి వెళ్ళింది. పాట కింద వ్యాఖ్యలు రాసినవాళ్ళందరూ పాడినదెవరని అడిగారు. డ్రమ్ముల మాట ఒక్కరూ ఎత్తలేదు.

తర్వాత రెండు వారాలు బుడ్డోడు ఫోన్ చెయ్యలేదు. ఆవిడ చెయ్యలేదు. మూడోవారం ఒక మధ్యాహ్నం వాడే చేశాడు. కెప్టెన్‌ను అడిగి వారానికి మూడు పొద్దులు ఆ టైర్ల గోడౌను గది తీసుకున్నానన్నాడు. ఇంకా చెయ్యి పాత అలవాటు మాటే వింటోందని, గంట వాయిస్తే పావుగంటే తన మాట వింటోందని చెప్పాడు.

"అరచేతిలో రెండు బొబ్బలొచ్చాయక్కా. ఇంత పెద్దవి."

"మరి?"

"నీ మరదలు టేపు చుట్టింది. చుడుతున్నంతసేపూ తిట్టింది."

"ఏమని?"

"కర్ర పట్టుకోవడం రాదా అని."

ఆవిడ నవ్వాపుకుంది. "ఎడమ చేతికా, కుడి చేతికా?"

"రెండిటికీ."

"సరే. టేపు తడవనివ్వకు," అంది ఆవిడ. ఒక సబ్బు ప్రకటన సాయంత్రంలోగా పంపాల్సి ఉంది. ఫోను పెట్టేసి, ఫ్యాను ఆపి, కిటికీ మూసింది.